నిమిషం దాటిన మాటలు

నాకు కోపం వస్తే నోరు పనిచేయదు. మామూలు రోజుల్లోనే అంతంతమాత్రం, కోపం వచ్చిందంటే పూర్తిగా మొరాయిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. రాతలో నాకు నత్తి లేదు. ఇక్కడ నా మాటను ఎవడూ మధ్యలో అందుకుని "అంటే మీరనేది ఇదే కదా మేడమ్" అని పూర్తి చేయలేడు.

మాకో గ్రూపు ఉంది, పేరు "నిదానం". రెండు వందల పన్నెండు మందిమి, అందరం నత్తివాళ్లమే. ఆరేళ్ల కిందట నేనే మొదలుపెట్టాను కాబట్టి అడ్మిన్‌ని నేనే. నియమాలు మూడే. ఇక్కడ ఎవరూ టైపు చేయకూడదు, ఏం చెప్పినా నోటితో చెప్పి రికార్డు చేసి పెట్టాలి. బయట రోజంతా టైపు చేసి తప్పించుకునేవాళ్లమే, ఇక్కడా అదే చేస్తే ఇక గ్రూపెందుకు? ఎవరు చెప్పినా చివరిదాకా వినాలి, వేగం పెంచి వినే బొత్తాం ముట్టుకోకూడదు. గ్రూపులో ఏ నిర్ణయమైనా అడ్మిన్ నోటితో చెప్పాకే అమలు చేయాలి. అంతే. "గుడ్ మార్నింగ్" చెప్పడానికి నలభై సెకన్లు పట్టే మనుషులున్నారు మాలో. ఆ నలభై సెకన్లూ అందరం వింటాం. మొదట్లో ఒకావిడ తన పేరు చెప్పడానికి మూడు రోజులు తంటాలు పడి, నాలుగో రోజు పెట్టింది. అది విని నేను పని చేస్తున్న చోటే ఏడ్చేశాను.

ఈ రాతలో మాత్రం మా మాటల్ని ఆగకుండానే రాస్తున్నాను. ప్రతి మాటకీ చుక్కలు పెట్టుకుంటూ పోతే మీకు విసుగు, నాకు ఒళ్లుమంట. మీరే కాస్త సమయం కలుపుకుని చదువుకోండి.

నేను పనిచేసేది కళ్లద్దాల షాపు వెనక గదిలో. ముందు గదిలో సేల్స్ అమ్మాయిలు కస్టమర్లతో మాట్లాడతారు. వెనక నేను అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి కూరుస్తాను. నీళ్లు కారుతూ తిరిగే సాన చక్రం, వేలెడంత స్క్రూడ్రైవర్లు, కింద పడితే మళ్లీ దొరకని స్క్రూలు. నోరు తెరవాల్సిన అవసరమే రాదు, అందుకే పద్నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని గ్రూపులో వచ్చినవన్నీ వింటూ పని చేసుకుంటాను. నా దృష్టిలో అడ్మిన్ చేయాల్సిన పని కూడా అదే, వినడం.

పోయిన ఏడాది చివర్లో ఒకాయన చేరాడు. పెళ్లిళ్లలో, షోరూముల ప్రారంభోత్సవాల్లో మైకు పట్టుకుని కార్యక్రమం నడిపించే మనిషి. అందుకే యాంకర్ అని పిలుస్తాం. చేరిన రోజే రెండు నిమిషాల పరిచయం పెట్టాడు. ఎక్కడా ఆగలేదు. చిన్నప్పుడు తనకీ నత్తి ఉండేదని, పట్టుదలతో వదిలించుకున్నానని చెప్పాడు. ఆ రోజు గ్రూపంతా అదే వింది. నేనైతే ఏడుసార్లు విన్నాను. మాలోంచి ఒకడు గట్టెక్కాడని అందరం చంకలు గుద్దుకున్నాం.

మా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. "ఇంత బాగా మాట్లాడే మనిషి ఉండగా నువ్వు అడ్మిన్‌వేంటి" అని నన్నెవరూ అనలేదు. నాకు నేనే అనుకున్నాను. నత్తివాళ్ల గ్రూపుకు పెద్ద దిక్కుగా నత్తి పోయినవాడే ఉండాలని నేనే తేల్చేసి, నేనే బతిమాలి, ఆయన్ని రెండో అడ్మిన్‌ని చేశాను. ఎవరూ కాదనలేదు, పైగా నన్ను మెచ్చుకున్నారు. మామూలు గ్రూపుల్లో అయితే ఎవరు ఎక్కువ పని చేస్తారో చూసి ఆ బాధ్యత ఇస్తారు. మేం ఎవరు ఆగకుండా మాట్లాడతారో చూసి ఇచ్చాం. ఇలాంటి తెలివితక్కువ పని మాలాంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

వారం తిరక్కుండానే సంస్కరణలు మొదలయ్యాయి. పొద్దున ఏడింటికి "నేటి పదం". వారానికొకరికి "స్పష్టవాణి" బిరుదు. ఇద్దరు మోడరేటర్లను వేసుకుని, ఎవరు ఎన్నిచోట్ల ఆగారో లెక్కపెట్టే పని వాళ్లకు అప్పగించాడు. ఆ ఇద్దరూ పొంగిపోయి, స్కూల్లో క్లాస్ లీడర్లలా అందరి మీదా ఫిర్యాదులు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒక ఆదివారం వీడియో మీటింగ్ పెట్టాడు. అరవై మంది దాకా వచ్చారు.

"మనం ఆగితే వినేవాడు ఆగడు. లోకానికి అంత టైం లేదు. ఏదైనా ఒక్క నిమిషంలో చెప్పడం నేర్చుకుందాం. నిమిషం దాటిన మెసేజ్‌ని తీసేద్దాం. ఇది శిక్ష కాదు, శిక్షణ" అన్నాడు. ఆ ఆఖరి ముక్క దగ్గర తనే చిన్నగా నవ్వుకున్నాడు. "మేడమ్ ఏమంటారు?"

నేను "వద్దు" అనబోయాను. "వ" నాకు చిన్నప్పటి నుంచీ పగ. కింది పెదవి పళ్ల కిందకి వెళ్లి అక్కడే ఇరుక్కుంది. అరవై మొహాలు నన్నే చూస్తున్నాయి. యాంకర్ మొహంలో జాలి కనిపించింది. "స" నాకు తేలిగ్గా వస్తుంది. "సరే" అన్నాను. మాలో ఎవరినడిగినా చెబుతారు, మేం చాలాసార్లు అనుకున్నది చెప్పం, నోటికి వచ్చింది చెబుతాం. టీ కావాలనుకుని కాఫీ అడిగేస్తాం. దిగాల్సిన స్టాపు పేరుకు నోరు తిరక్కపోతే దాని ముందు స్టాపుకు టికెట్ తీసుకుని నడిచి వెళ్తాం. కానీ నేను తాగింది కాఫీ కాదు. రెండు వందల పన్నెండు మంది నోళ్లకు తాళం వేసే మాటకు సరే అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తాళం ముందుగా పడింది మా అన్నయ్య నోటికి. సొంత అన్నయ్య కాదు, గ్రూపు మొదలైన ఏడాదే చేరాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. పాల డిపోలో కోల్డ్‌రూమ్ స్టోర్‌కీపర్. మాలో అందరికన్నా ఎక్కువ ఆగేది ఆయనే, అందరికన్నా ఎక్కువ నవ్వించేదీ ఆయనే. జోకు చెబుతూ ఆఖరి మాట దగ్గర ఆగిపోయేవాడు. ఆ మాట బయటికొచ్చేలోపు మేం పొట్ట పట్టుకుని నవ్వుతుండేవాళ్లం.

ఆయన డిపోలో గొడవ జరిగింది. కోల్డ్‌రూమ్ తలుపు చుట్టూ చల్లగాలి బయటికి పోకుండా రబ్బరు పట్టీ ఉంటుంది. అది ఊడి వేలాడుతుంటే అన్నయ్య చూశాడు. అలాంటిది కనిపిస్తే రిపేరు సూపర్‌వైజర్‌కు ఫోన్‌లో చెప్పాలని అక్కడి రూలు. ఫోన్ చేశాడు. అవతలివాడు "హలో, హలో" అని, ఎవరూ మాట్లాడటం లేదనుకుని పెట్టేశాడు. అన్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు, మొదటి అక్షరం మీద. మళ్లీ చేశాడు, మళ్లీ అదే. మూడోసారి ఆ సూపర్‌వైజర్ ఒక తిట్టు కూడా తిట్టి పెట్టేశాడు. మర్నాటికి రెండు లారీల పాలు విరిగిపోయాయి. స్టోర్‌కీపర్ తలుపు సరిగ్గా వేయలేదని నేరం ఈయన నెత్తిన రుద్దారు.

వదిన, అంటే అన్నయ్య భార్య, జరిగిందంతా కాగితం మీద రాసి పంపించింది. "ఇది ఎవరో రాసిచ్చిన కాగితం, గురువారం ముగ్గురు ఆఫీసర్ల ముందు నీ నోటితో చెప్పు" అన్నారు డిపోవాళ్లు. చెప్పుకోగలిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇరవై రెండేళ్ల సర్వీసు గాలికి పోతుంది.

చెప్పుకోవడం సాధన చేయడానికి ఆయనకు మేం తప్ప ఎవరున్నారు? ఆ గురువారానికి ముందు ఆదివారం, జరిగిందంతా చెప్పి గ్రూపులో పెట్టాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. యాంకర్ తీసేశాడు. సోమవారం పొద్దున మళ్లీ పెట్టాడు, ఎనిమిదిన్నర నిమిషాలు. తీసేశాడు. సాయంత్రం మళ్లీ పెట్టాడు. ఈసారి మెసేజ్‌తో పాటు మనిషినే గ్రూపులోంచి వారం రోజులు తీసేశాడు. మూడుసార్లు నియమం ఉల్లంఘించాడట!

ఆ రెండు రోజులూ జ్వరంతో నేను గ్రూపు తెరవలేదు. మంగళవారం షాపులో, గ్రూపువాళ్లు చెబితే చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ మెసేజ్‌ను అడ్మిన్ తొలగించారు" అని మూడుచోట్ల ఉంది. ఎవరిదో ఖరీదైన అద్దం చక్రం మీద ఉంది. దాన్ని మర్చిపోయి నొక్కి పట్టాను. ఫ్రేములో పెట్టి చూస్తే వదులై జారి కింద పడింది. అద్దం ఒకసారి ఎక్కువ అరిగితే చేసేదేం లేదు, కొత్తది తెప్పించాల్సిందే. ఓనరుతో చివాట్లు తిని, బయట మెట్ల మీద కూర్చుని యాంకర్‌కు ఫోన్ చేశాను.

"ఆయన్ని తిరిగి..." అన్నాను.

"తిరిగి చేర్చుకోవాలంటారు. అర్థమైంది మేడమ్."

"గురు..."

"గురువారం ఎంక్వయిరీ ఉంది, అంతే కదా? నాకు తెలుసు."

"తొమ్మిది ని..."

"తొమ్మిది నిమిషాలు ఏ ఆఫీసరు వింటాడు మేడమ్, మీరే చెప్పండి? అందుకే ఆయన్ని నేను పర్సనల్‌గా ట్రైనింగ్‌కు తీసుకున్నాను. రెండు రోజులు, ఫ్రీగా. మీరు నిశ్చింతగా ఉండండి."

నా నోట్లోంచి లాక్కున్న మాటలన్నీ సరైనవే కావడం నాకింకా మంట. పెట్టెయ్యడం తప్ప ఏం చేయలేకపోయాను. మా అమ్మ కూడా ఇలాగే నా మాటలు పూర్తిచేసేది, కానీ ఆమె ప్రేమతో చేసేది. వీడికి తొందర.

బుధవారం మధ్యాహ్నం అన్నం తినే టైంలో అన్నయ్యకు ఫోన్ చేశాను. మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటే హలోలకే రెండు నిమిషాలు అవుతుంది. "యాంకర్ గారు ఒకటి నేర్పారు చెల్లెమ్మా. విని, ఎలా ఉందో చెప్పు" అన్నాడు. ఈ రెండు మాటలకు ఆయన పడిన అవస్థ దేవుడికెరుక. ఆ తర్వాత ఊపిరి తీసుకున్నాడు. అంతే, గడగడా వచ్చేసింది. మొదలు, మధ్య, చివర, ఎక్కడా ఆగలేదు. ఆరేళ్లలో ఆయన నోటి నుంచి అలా ఒక్క వాక్యం రావడం నేను వినలేదు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "బ్రహ్మాండం అన్నయ్యా!" అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాను. మళ్లీ అంతే స్పష్టంగా చెప్పాడు. రికార్డు చేసి పంపమని అడిగితే పంపాడు. పదకొండు సెకన్లు. అటుపక్క ఆయన ఇంకేదో మొదలుపెట్టాడు, ఏదో అక్షరం మీద ఆగాడు. ఇంతలో ఓనరు పిలిచాడు. "ఇదే చెప్పు, రేపు ఇలాగే చెప్పు" అని పెట్టేశాను. మధ్యాహ్నమంతా పని చేస్తూ ఆ పదకొండు సెకన్లే వింటూ కూర్చున్నాను. యాంకర్ మీద కోపం కూడా చల్లారింది. వాడిని అనవసరంగా ఆడిపోసుకున్నానేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

గురువారం రెండింటికి యాంకర్ గ్రూపులో పెట్టాడు. "శుభవార్త! మన స్టోర్‌కీపర్ గారు ముగ్గురు అధికారుల ముందు పదకొండు సెకన్లలో, ఒక్క తడబాటు లేకుండా మాట్లాడి వచ్చారు. ఈ వారం స్పష్టవాణి ఆయనే!" కింద చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చిపడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను.

నాలుగింటికి వదిన ఫోన్ చేసింది. ఆవిడకు నత్తి లేదు.

"ఏమ్మా, మీ గ్రూపువాళ్లంతా కలిసి ఆయన చేత ఏం చెప్పించారో తెలుసా? ఉద్యోగం తీసేశారు. తప్పు నాదే అని ఆయనే ఒప్పుకున్నాడట, సంతకం కూడా పెట్టించుకున్నారు. నేను వారం కూర్చుని రాసిన కాగితం ఎందుకు, ఆ ఫోన్ కాల్స్ లిస్టు ఎందుకు? ఆఫీసరు అడిగాడట, ఇంకేమైనా చెబుతావా అని. ఏమీ లేదని తలూపాడట! మీకు పుణ్యముంటుంది, ఇక మమ్మల్ని వదిలేయండి."

ఆవిడ పెట్టేశాక ఆ రికార్డు మళ్లీ విన్నాను. ఎన్నోసారో తెలియదు, కానీ మాటలు వినడం మాత్రం అదే మొదటిసారి. "సార్, నా వల్ల పొరపాటు జరిగింది. ఇకముందు జరగకుండా చూసుకుంటాను. ఈ ఒక్కసారికి మన్నించండి." అంతే ఉంది అందులో. రబ్బరు పట్టీ లేదు. మూడు ఫోన్లు లేవు. సూపర్‌వైజర్ తిట్టు లేదు. తొమ్మిది నిమిషాల నిజం నిమిషంలో పట్టదు కాబట్టి, పట్టే అబద్ధం ఒకటి చూసి నోట్లో పెట్టాడు యాంకర్. దాన్ని నేను ఒక మధ్యాహ్నమంతా విన్నాను. అది ఎలా వస్తోందో విన్నాను గానీ, ఏమంటోందో వినలేదు.

పళ్లు నూరుకుంటూ గ్రూపు తెరిచాను. నిర్ణయం నోటితో చెప్పాలన్నది నేను పెట్టిన నియమం కదా, అలాగే చేశాను. స్టోర్ గదిలోకి వెళ్లి తలుపేసుకుని, యాంకర్ ఎందుకు అడ్మిన్‌గా ఉండకూడదో, అన్నయ్యకు ఏం జరిగిందో, నిమిషం నియమానికి నేనెందుకు సరే అన్నానో, అంతా చెప్పాను. ఆరు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. చెమటతో జాకెట్ తడిసిపోయింది. పెట్టాను.

రెండు నిమిషాల్లో అది మాయమైంది. "ఈ మెసేజ్‌ను అడ్మిన్ తొలగించారు." కింద యాంకర్ గొంతు: "మేడమ్‌కైనా నియమం నియమమే. దయచేసి క్లుప్తంగా."

వాడిని తీసేయడానికి నేను చెప్పిన మాటల్ని వాడే తీసేశాడు! నాకు నవ్వు కూడా వచ్చింది, పిచ్చి నవ్వు. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా దాటని నా నియమాన్ని ఆ క్షణం దాటాను. నోరు మెదపకుండా వాడి పేరు మీద నొక్కాను. అడ్మిన్ హోదా తీసేశాను, గ్రూపులోంచీ తీసేశాను. వాడు వేసిన ఇద్దరు మోడరేటర్లనూ దింపేశాను. అన్నయ్యను తిరిగి చేర్చాను. యాంకర్ వెంటనే ఫోన్ చేశాడు. "మీ ఆవేశం నాకర్థమైంది మేడమ్, కానీ ఆయన సాధించింది చూడండి, ఒక్క తడబాటు..." వాడికి నిజంగానే అర్థం కాలేదు. ఒక మనిషి బతుకు పోయినా వాడి చెవికి అది విజయంలాగే వినిపించింది. వాడి గొంతు పిసకాలనిపించింది. అయితే ముందురోజు మధ్యాహ్నమంతా నా చెవికి వినిపించిందీ అదే. పెట్టేశాను.

ఓనరును అడిగి గంట ముందే బయల్దేరి అన్నయ్య ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు, రెండు గదులు. వదిన తలుపు తీసి, నన్ను చూసి, వంటగదిలోకి వెళ్లిపోయింది. అన్నయ్య డిపో యూనిఫారం చొక్కాతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దారంతా నేను కూడబెట్టుకున్న కోపం ఆయన్ని చూడగానే ఆయన మీదకే తిరిగింది.

"అప్పీలు చేద్దాం. కాల్ లిస్టు ఉంది. నేనూ వస్తాను. లేచి కాగితం తియ్యి" అన్నాను. ఇది చెప్పడానికి నాకెంత సేపు పట్టిందో నాకే తెలియదు. ఆయన మాత్రం చివరిదాకా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"మళ్లీ చెప్పమంటారు చెల్లెమ్మా. మళ్లీ వాచీలు చూస్తారు. నా వల్ల కాదు."

"చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నావు?" అని అరిచాను. అరిస్తే నాకు మరీ ఆగిపోతుంది. "ఒ" దగ్గరే నిలబడిపోయాను, మెడ నరాలు లాగేశాయి. "నీకు బుద్ధుందా? ఇరవై రెండేళ్లు! ఎవడో నేర్పితే వల్లెవేసి వచ్చేస్తావా? ఒక్కసారైనా ఆలోచించావా, అందులో ఏముందో?"

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అదే నన్ను చంపేసింది. చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. నేను మధ్యలో అందుకోలేదు.

"ఆలోచించాను. యాంకర్ గారు నేర్పినప్పుడే నాకు మనసొప్పలేదు. ఇందులో రబ్బరు పట్టీ సంగతే లేదేంటి, తప్పు నా మీద వేసుకుంటున్నానేంటి అనిపించింది. ఆయన్ని అడిగితే మాట పూర్తి కానివ్వలేదు. అందుకే నీకు వినిపించాను, నువ్వైతే వింటావని. నువ్వు బ్రహ్మాండం అన్నావు. రెండోసారి చెప్పించుకున్నావు. అడుగుదామని మొదలుపెట్టాను, ఇదే చెప్పు అన్నావు. చెల్లెమ్మే చెప్పిందంటే అదే సరైనదేమో అనుకున్నాను."

వంటగది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. చేతిలో నా కోసం తెచ్చిన మంచినీళ్ల గ్లాసు ఉంది. అది నాకివ్వలేదు.

"ఆ మాట అన్నది నువ్వా?" అంది.

"నేనే వదినా" అన్నాను. ఆ మాట మాత్రం ఎక్కడా ఆగలేదు.